మూడు కాపీలు, ఒకే తాళం

అరగంట పనిని ఏడు నెలలు చేసిన ఘనత మా ఆఫీసుది. అందులో నా వాటా ఎంతో నేను చెప్పుకుంటే బాగుండదు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను. లెక్క మీరే వేసుకోండి.

మా ఆఫీసు పేరు రాష్ట్ర ప్రాచీన, అర్వాచీన దస్త్రాల పరిరక్షణ సంచాలకుల కార్యాలయం. బెజవాడలో ఒక అద్దె భవనం రెండో అంతస్తులో ఉంది. పేరు బోర్డులో పట్టక చివరి మాటను గోడ మీద రాయించారు. నేను అక్కడ సిస్టమ్స్ ఆఫీసర్ని, పేరు పానకాలరావు. ఒకసారి డైరెక్టరుగారి ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా బయటికి లాగాను. ఆ నైపుణ్యం చూసి నాకీ హోదా ఇచ్చారు. అప్పటినుంచి ఆఫీసులో కరెంటుతో నడిచేవన్నీ నా అధీనంలోకి వచ్చాయి, లిఫ్టు తప్ప. అది ఎవరి మాటా వినదు.

రికార్డు గదిలోని కాగితాలన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లలో దాచాలని ప్రభుత్వం పన్నెండు సర్వర్లు కొనిచ్చింది. వాటన్నిటినీ కలిపి ఒకే యంత్రంలా నడిపించే సాఫ్ట్‌వేరు కూడా ఇచ్చింది. దాని సిద్ధాంతం చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మనం ఒక కాగితం ఇస్తే అది మూడు కాపీలు చేసి మూడు వేర్వేరు మెషిన్లలో దాస్తుంది. ఒకటి చెడిపోతే ఇంకో రెండు ఉంటాయి. మనం దానికి చెప్పాల్సింది ఒక్కటే: ఏ మెషిన్‌లో, ఏ అరలో దాచాలో. ఆ అరనే డైరెక్టరీ అంటారు. పన్నెండు మెషిన్లలో, ఎవరి డిస్కులో వాళ్లు దాచుకోండని పన్నెండు వాక్యాలు రాస్తే పని అయిపోతుంది.

ఆ పన్నెండు వాక్యాలకు అనుమతి కోరుతూ నేను అక్టోబరులో ఫైలు పెట్టాను. పెట్టకపోతే ఏమయ్యేదంటే, ఆ రోజే పని పూర్తయ్యేది. ఆ తెలివి నాకు అప్పుడు లేదు.

ఆ ఫైలు గురించి నిజంగా బెంగపడ్డ మనిషి ఆఫీసులో ఒక్కతే. నాంచారమ్మ. రికార్డు గదిలో దుమ్ము దులిపి, కాగితాలు కట్టలు కట్టే అటెండరు. రోజువారీ మస్టరు మీద పనిచేస్తోంది. అంటే ఇవాళ ఒక్కరోజుకే రమ్మని పందొమ్మిదేళ్లుగా రోజూ పిలుస్తున్నారన్నమాట. పదేళ్లు ఆగకుండా పనిచేసినట్టు మస్టరు హాజరు కాగితాలు చూపించిన వాళ్లను పర్మనెంటు చేస్తామని ఆ ఏడాది ఉత్తర్వు వచ్చింది. గడువు జూన్ ముప్పై. ఆమె మస్టర్లన్నీ మా రికార్డు గదిలోనే ఉన్నాయి. ఆ గదిని ఖాళీ చేసి సమావేశ మందిరం చేసుకోవాలని డైరెక్టరుగారి ఆశ. కాబట్టి మస్టర్లు స్కానింగుకి వెళ్లాలి, కాగితాలు గుజ్జు మిల్లుకి వెళ్లాలి, ఆమెకి కావలసిన నకలు కంప్యూటరులోంచి రావాలి.

"సార్, నా మస్టర్లు జాగర్త సార్," అంది నాంచారమ్మ నా బల్ల దగ్గరికొచ్చి. "అయ్యి పోయినయ్యంటే నేను నిన్న చేరినట్టే."

"మూడు కాపీలు ఉంటాయి నాంచారమ్మా. నీకు భయం లేదు," అన్నాను. ఇలాంటి మాటలు నేను చాలా ధీమాగా చెబుతాను.

ఫైలు మొదట సూపరింటెండెంటు ఆదిశేషయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఆయన మా ఆఫీసు నియమావళిని కంఠతా పట్టిన మనిషి. మూడు వారాల తర్వాత ఫైలు ఈ నోటుతో తిరిగొచ్చింది:

"పై ప్రతిపాదన పరిశీలించడమైనది. కార్యాలయ నియమావళి 44వ పేరా ననుసరించి ఏ దస్త్రమునకైనను అసలు, నకలు, ఉపనకలు మూడింటిని ఒకే ట్యాగుతో బంధించి, ఒకే బీరువాయందు, ఒకే తాళము క్రింద ఉంచవలెను. ప్రస్తుత ప్రతిపాదనయందు మూడు ప్రతులును మూడు యంత్రములలో విచ్చలవిడిగా సంచరించు అవకాశము కలదు. తగు ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది."

నేను వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ పానకాలరావుగారూ, ఒకే కాయితం మూడు చోట్ల ఉందనుకోండి. రేపు ఆడిటు వాళ్లొచ్చి అసలు ఏదయ్యా అంటే ఏ మెషిన్ని చూపిస్తారు?"

"మూడూ అసలేనండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మూడూ అసలైతే నకలేదండీ? నలభై నాలుగో పేరా రాసినోళ్లు పిచ్చోళ్లా?"

"ఒక డిస్కు కాలిపోయినా మిగతా రెండూ..."

"ఎందుకు కాలిపోద్దండీ? అదుగో, ఆ ఇనప బీరువా చూడండి. నేను సర్వీసులో చేరకముందు నుంచీ ఉంది. ఇంతవరకూ ఒక్క కాయితం పోలా. తీసినోడుంటే గదా పోయేది!" ఆయన గొంతు తగ్గించారు. "పైగా పన్నెండు అరలకీ పన్నెండుమంది బాధ్యులు కావాలి. ఒకడు సెలవు పెడితే ఇంకోడికి అప్పగింతలు. మన సెక్షన్లో ఉన్నదే అయిదుగురం. అందులో ఇద్దరం ఎప్పుడూ సెలవే."

విషయం డైరెక్టరు కుటుంబశాస్త్రిగారి సమావేశానికి వెళ్లింది. ఆయనకి ఉపన్యాసం లేకుండా మంచినీళ్లు అడగడం కూడా రాదు.

"వికేంద్రీకరణ అనేది ఉదాత్తమైన భావన," అన్నారాయన. "దానిని మనం మనసా వాచా స్వాగతిస్తున్నాం. అయితే వికేంద్రీకరణను కేంద్రీకృతంగా అమలుపరచినప్పుడు మాత్రమే సత్ఫలితాలు సిద్ధిస్తాయి. పన్నెండు యంత్రాలు ఉండనివ్వండి. మూడు ప్రతులూ ఉండనివ్వండి. అన్నీ ఒకే చోట ఉండనివ్వండి. ఒకే దస్త్రం, ఒకే తాళం! ఏమయ్యా పానకాలరావ్, సాంకేతికంగా ఇది సాధ్యమేనా?"

సాధ్యమే కానీ చేయకూడదు అని చెప్పాలి. రెండు ముక్కలు. మొదటి ముక్క నోట్లోంచి వచ్చేసింది. రెండోది బయల్దేరేలోపల ఆయన చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. నా ప్రమోషన్ ఫైలు అప్పటికి ఆయన బల్ల మీద ఉందన్న సంగతికీ నా చప్పట్లకీ సంబంధం లేదని అనుకోవడానికి నేను ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాను.

చేసింది ఇదీ. ఒక పెద్ద డిస్కు కొని ఆదిశేషయ్యగారి బీరువాలో పెట్టాం. పన్నెండు మెషిన్లలోనూ డైరెక్టరీ పేరు రాసి, ఆ పేరు వెనకాల దారిని ఆ ఒక్క డిస్కుకే కలిపాను. సాఫ్ట్‌వేరు పాపం అమాయకురాలు. తొలి కాపీ రెండో మెషిన్‌కి, మలి కాపీ అయిదో మెషిన్‌కి, మూడోది తొమ్మిదో మెషిన్‌కి ఇచ్చి, ముగ్గురి దగ్గరా భద్రంగా ఉందని సంతోషపడేది. ముగ్గురూ తీసుకెళ్లి అదే బీరువాలో పడేసేవాళ్లు. యంత్రాన్ని మోసం చేయకూడదని ఏ నియమావళిలోనూ లేదు.

డిస్కుకి వైరు వెళ్లాలంటే బీరువాకి చిల్లు పెట్టాలి. ప్రభుత్వ ఆస్తికి చిల్లు పెట్టడానికి ఇంజనీరింగు విభాగం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దానికి నాలుగు నెలలు పట్టింది. పత్రం వచ్చాక చిల్లు అనుకున్నదానికంటే పెద్దదైంది. ఎలకలు దూరతాయని ఆదిశేషయ్యగారు దాన్ని గుడ్డపీలికలతో గట్టిగా కుక్కి, లోపల ఆరు కలరా ఉండలు వేశారు. తర్వాత ట్యాగు గురించి అనుమానం వచ్చింది. మూడు ప్రతులనూ ఒకే ట్యాగుతో బంధించమని నియమం. ఆయన పంచింగ్ మెషిన్ తీసుకుని డిస్కు దగ్గరికి వచ్చారు.

"చిన్న కన్నమేనండీ. మూలన," అన్నారు.

ఆ ఒక్కరోజు నేను ధైర్యం చేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చివరికి ఆకుపచ్చ ట్యాగుని డిస్కు చుట్టూ తిప్పి ముడి వేయడానికి ఒప్పుకున్నారు. మొత్తం వ్యవహారంలో నేను సాధించిన సాంకేతిక విజయం అదే.

ఏప్రిల్లో డైరెక్టరుగారు రిబ్బను కత్తిరించారు. పన్నెండు మెషిన్లూ దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటే అతిథులు ఫోటోలు దిగారు. వాటి లోపల ఏమీ లేదన్న సంగతి నాకూ వాటికీ మాత్రమే తెలుసు. స్కానింగు అయిపోయిన కాగితాలు గుజ్జు మిల్లు లారీకెక్కాయి. పందొమ్మిదేళ్ల తన మస్టర్లను నాంచారమ్మే కట్టలు కట్టి, తన చేత్తోనే లారీలోకి అందించింది.

లారీ వెళ్లాక నా దగ్గరికొచ్చింది. "సార్, మూడు కాపీలన్నారు గదా. మూడూ ఎక్కడున్నయ్యి?"

"బీరువాలో."

"మూడూనా?"

"మూడూ."

"మా సందులో ఎండాకాలం పెరుగు చెడిపోద్ది సార్. ఒకోసారి తోడుకి చుక్క కూడా మిగలదు. అప్పుడు శివమ్మక్క ఇంట్లో అడుగుతా. ఆమెది చెడితే మా ఇంటికొస్తది. మూడిళ్ల తోడూ ఒకే గిన్నెలో దాచుకుంటామా సార్?"

నేను ఇంజనీరింగులో నాలుగేళ్లు చదివింది ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది. "ఇది వేరే టెక్నాలజీ," అన్నాను.

మే నెలలో రెండో శనివారం, ఆదివారం, సోమవారం ఏదో పండగ. మూడు రోజులు ఆఫీసు మూసి ఉంది. బెజవాడ ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఇనప బీరువా, మూసిన తలుపు, పీలికలు కుక్కిన చిల్లు, లోపల ఆగకుండా తిరిగే డిస్కు. మంగళవారం ఆదిశేషయ్యగారు తాళం తీస్తే లోపల్నుంచి వేడిగాలితో పాటు కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. డిస్కు చచ్చిపోయింది. ట్యాగు మాత్రం బిగువుగా ఉంది.

డైరెక్టరుగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"కంగారు పడకండి. మనకి రెండో ప్రతి ఉంది కదా?"

"అదీ అందులోనే ఉంది సార్," అన్నాను.

"మూడోది?"

"అదీనండి."

"మరి పన్నెండు యంత్రాలు ఏం చేస్తున్నాయయ్యా?"

"నిక్షేపంగా ఉన్నాయి సార్. వాటిలో ఏమీ లేదు."

"తాళం మాత్రం చెక్కుచెదరలేదండి," అన్నారు ఆదిశేషయ్యగారు. ఆయన గొంతులో నిజమైన గర్వం ఉంది.

డిస్కుని హైదరాబాదు పంపితే, దీన్ని బతికించడం బ్రహ్మతరం కూడా కాదని తిప్పి పంపారు. మా విచారణ నివేదిక ఇలా తేల్చింది: "దస్త్రములకు ఎట్టి నష్టమును వాటిల్లలేదు. అవి నియమానుసారముగా ఒకే చోట, ఒకే తాళము క్రింద, చదువుటకు వీలుకాని స్థితిలో భద్రముగా ఉన్నవి."

జూన్ మొదటివారంలో నాంచారమ్మ ఒక గుడ్డసంచీతో డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, తిట్లు తినే పనిలో. ఆమె సంచీలోంచి జిరాక్సు కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పందొమ్మిదేళ్ల మస్టరు, నెలకో పేజీ. స్కానింగుకి పంపేముందు రోజుకిన్ని చొప్పున ఎదురు షాపులో తీయించిందట. మూడు సెట్లు. ఒకటి తన ఇంట్లో, ఒకటి గుడివాడలో చెల్లెలి ఇంట్లో, ఒకటి శివమ్మక్క దగ్గర.

"వీటి మీద సంతకం పెట్టండి సార్. ముప్పయ్యో తారీకు లోపల ఇయ్యాల."

"అసలుతో పోల్చకుండా నకలును ధ్రువీకరించడం కుదరదు," అన్నారు పక్కనే ఉన్న ఆదిశేషయ్యగారు. "అసలు గుజ్జయింది. నకలు బీరువాలో ఉంది. ఎట్టా పోల్చేది?"

డైరెక్టరుగారి చూపు కట్ట మీద పడి అక్కడే ఆగింది. "ఆగండి. ప్రభుత్వ దస్త్రాలు ఈ కార్యాలయ ప్రాంగణాన్ని దాటి గుడివాడ దాకా ఎలా ప్రయాణించాయి?"

డిస్కు పోయినందుకు ఎవరి మీద చర్య తీసుకున్నారని సచివాలయం నుంచి అప్పటికే రెండు లేఖలు వచ్చాయి. డిస్కు మీద చర్య తీసుకోలేరు. నా మీద తీసుకుంటే, నాకా పని ఎవరు చెప్పారన్న ప్రశ్న వస్తుంది. ఇప్పుడు మనిషి దొరికింది. "నియమబద్ధంగా ఛార్జి మెమో ఇవ్వండి," అన్నారాయన. "పానకాలరావ్, డ్రాఫ్టు నువ్వు తయారు చెయ్యి."

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. తప్పు చేసింది నేను, ఛార్జి మెమో ఆమెకి, టైపు చేసేదీ నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నాంచారమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"నన్ను క్షమించు నాంచారమ్మా."

"దానికేంలే సార్. ముందు అది టైపు చెయ్యండి," అంది.

ఛార్జి మెమో ఫారం కంప్యూటరులోనే ఉంది. పర్మనెంటు ఉద్యోగుల కోసం తయారైంది, మా దగ్గర ఇంకో రకం లేదు. ఉద్యోగి పేరు, హోదా, సర్వీసులో చేరిన తేదీ, అంతరాయం లేని సర్వీసు కాలం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ముందుకు కదలదు. చేరిన తేదీ దగ్గర గీత పెట్టాను. తీసుకోలేదు.

"గీతలు పెట్టబాకండి సార్. మస్టర్లో ఉన్న తేదీ ఎయ్యండి. ఆగస్టు నాలుగు."

వేశాను. సర్వీసు కాలం దగ్గర పద్దెనిమిది సంవత్సరాల పది నెలలు అని వేశాను. ఫారం సంతోషంగా తర్వాతి పేజీకి వెళ్లింది. అక్కడ అభియోగం రాయాలి. "కార్యాలయ దస్త్రముల జిరాక్సు ప్రతులను అనుమతి లేకుండా..."

"నిజమైన ప్రతులని రాయండి సార్."

"ఎందుకు?"

"దొంగయ్యయితే అయ్యి చిత్తుకాయితాలే గదా సార్. చిత్తుకాయితాలు ఇంట్లో పెట్టుకుంటే కేసేంది? నిజమైనయ్యంటేనే గదా నేను తప్పు చేసినట్టు."

తల తిప్పి ఆమెను చూశాను. పందొమ్మిదేళ్లు ఫైళ్ల మీద దుమ్ము దులిపిన మనిషి. ఫైలు ఎలా నడుస్తుందో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఈ ఎత్తు నాదే అని చెప్పుకోవాలని నాకు చాలా ఉంది, కానీ ఇంటి దగ్గర కూడా ఎవరూ నమ్మలేదు.

"అసలుతో సరిపోలిన నిజమైన ప్రతులను," అని రాశాను. జతపరచిన పత్రములు అని కింద రాసి, మొత్తం కట్టని దానికి జోడించాను.

డైరెక్టరుగారు చదివి ఒకే ఒక్క సవరణ చేశారు. "నిజమైన" అన్నచోట "ముమ్మాటికీ నిజమైన" అని దిద్ది సంతకం పెట్టారు. అభియోగం బలంగా ఉండాలి కదా. ఆదిశేషయ్యగారు ప్రతి పేజీ మీదా సీలు వేశారు, జిరాక్సుల మీద కూడా.

జూన్ ఇరవై తొమ్మిదిన నాంచారమ్మ తన దరఖాస్తుకి ఆ ఛార్జి మెమోని జతచేసి ఇచ్చింది. సర్వీసుకి రుజువు ఏమిటన్న చోట, "డైరెక్టరుగారి సంతకం" అని రాయించింది. సచివాలయంలో కమిటీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది.

డైరెక్టరుగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అది ఆఫీసు చరిత్రలో మొదటిసారి. మెమో వెనక్కి తీసుకుందామంటే, డిస్కు విషయంలో ఎవరి మీదా చర్య తీసుకోనట్టు అవుతుంది. అందుకని కేసు నడిచింది, ఆమెకి అభిశంసన శిక్ష పడింది. శిక్షని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయాలి. ఆమెకి రిజిస్టరే లేదు. కొత్తది తెరిచారు. మొదటి పేజీలో ఫోటో అంటించి, చేరిన తేదీ రాసి, దాని కింద మందలింపు రాశారు. నాంచారమ్మ ఆ పేజీని చీరకొంగుతో తుడిచి, చాలాసేపు చూసుకుంది. పండక్కి కొత్తబట్టలు వచ్చినంత సంబరం ఆమె మొహంలో.

ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా డైరెక్టరుగారు మూడు కొత్త బీరువాలు కొనిపించారు. మూడూ ఒకే గదిలో, పక్కపక్కన ఉన్నాయి. తాళంచెవులు మూడూ ఒకే గుత్తికి ఉన్నాయి. గుత్తి ఆదిశేషయ్యగారి నడుముకి ఉంది. వాటిలో పెట్టాల్సిన డిస్కుల కోసం ఫైలు నడుస్తోంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేను మెషిన్ల గదిలోకి వెళ్లాను. ఎవరినీ అడగలేదు. ఏ నోటూ పెట్టలేదు. పన్నెండు మెషిన్లలో పన్నెండు వాక్యాలు రాశాను, ఎవరి డిస్కులో వాళ్లు దాచుకోండని. అరగంట పట్టింది. తర్వాత నాంచారమ్మ సర్వీసు రిజిస్టరు మొదటి పేజీని స్కాన్ చేసి లోపలికి పంపాను. మా ఆఫీసు సర్వర్లలో నిజంగా దాచిన మొదటి దస్త్రం అదే.

ఆమెని పిలిచి చూపించాను. చీపురు గోడకి ఆనించి, తెర వైపు వంగి చూసింది.

"మూడు కాపీలేనా సార్?"

"మూడు."

"మూడూ ఎక్కడ?"

"నాలుగో దాంట్లో ఒకటి, ఏడో దాంట్లో ఒకటి, పదకొండో దాంట్లో ఒకటి," అన్నాను. జీవితంలో మొదటిసారి ఉద్యోగం చేసినట్టు అనిపించింది.

నాంచారమ్మ తల ఊపి, చీపురు చేతిలోకి తీసుకుంది.

"మంచిది సార్. ఎందుకైనా మంచిది, ఒకటి గుడివాడ పంపిచ్చేశా."